పాత జీపు – కొత్త పాఠం

పాతబడిన ప్రతి వస్తువూ పనికిరానిది కాదు; పనికివచ్చే ప్రతి వస్తువూ కొత్తది కానక్కరలేదు. పాత జీపునొకదానిని వెదకి, కొని, బాగుచేయించుకొన్న ఏడు నెలల కాలంలో మా ముగ్గురు అన్నదమ్ములకు అనుభవంలోకి వచ్చిన సత్యమిది. విద్యార్థి మిత్రులలో కొందరికైనా ఉపకరించవచ్చునన్న ఆశతో ఆ వృత్తాంతాన్ని ఇక్కడ పొందుపరుస్తున్నాము.

రాయచోటి ప్రాంతంలో, పాలకొండల దిగువన మాకు నాలుగెకరాల మామిడితోట ఉన్నది. తారురోడ్డు దిగిన తరువాత ఐదు కిలోమీటర్లు బండదారి. నడుమ ఒక వంక. ముప్పై ఏళ్ళనాడు మా నాన్నగారు ఆ వంక నుండి కావడితో నీళ్ళు మోసి మొక్కలను బ్రతికించారు. రెండేళ్ళ క్రితం ఆయనకు పక్షవాతం సోకి ఎడమకాలు స్వాధీనం తప్పింది. నడక సాగదు. మోటారుసైకిలు మీద కూర్చోలేరు. ట్రాక్టరు కుదుపులకు ఓర్వలేరు. ఇంతలో తోటకు బేరం వచ్చింది. “చూడని చేను చెడుతుంది. నేను పోలేని తోట ఎందుకు నాయనా, అమ్మేయండి” అన్నారు. ఆ మాట అన్న రాత్రి ఆయన అన్నం ముట్టలేదు. ఉగాదిలోగా బదులు చెప్తామని బేరానికి వచ్చిన పెద్దమనిషి వద్ద గడువు అడిగాము.

నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే కొత్త వాహనం వెల పది లక్షలు దాటుతుంది. మా వద్దనున్నదో, రెండు పంటల మీద మిగిలిన రెండు లక్షల రూపాయలు. కనుక మా దృష్టి పాత జీపు వైపు మళ్ళింది.

జీపు చరిత్ర కొంత తెలిసికొనక తప్పలేదు. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం 1941 నుండి 1945 వరకు విల్లీస్, ఫోర్డు సంస్థలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు నిర్మించాయి. మన దేశంలో జీపు పేరు చెప్పగానే స్ఫురించే మహీంద్రా సంస్థ 1945లో మహీంద్రా అండ్ మొహమ్మద్ అనే పేరుతో ఆరంభమైనది. మహీంద్రా సోదరులతో భాగస్వామిగా ఉన్న గులాం మొహమ్మద్ దేశవిభజన తరువాత పాకిస్తానుకు వెళ్ళి, ఆ దేశపు తొలి ఆర్థికమంత్రిగాను, 1951 నుండి గవర్నరు జనరలుగాను పనిచేశారు. 1948లో సంస్థ పేరు మారినది. యుద్ధకాలపు జీపు వారసులు బొంబాయిలో తయారై, తహశీల్దారు కచేరీ మొదలు ఎన్నికల మైకు వరకు మన పల్లెలలో దశాబ్దాల పాటు సేవ చేశాయి.

ఈ కొద్దిపాటి చరిత్రే మమ్ములను ఒక నష్టం నుండి కాపాడింది. ఒక వ్యాపారి తన జీపు “యుద్ధంలో తిరిగిన అసలు విల్లీస్” అని చెప్పి రెట్టింపు వెల అడిగాడు. దాని బానెట్టు ఎత్తుగా ఉన్నది. ముందు జాలీలో ఏడు చీలికలున్నాయి. యుద్ధకాలపు జీపుకు తొమ్మిది చీలికలు. ఎత్తయిన బానెట్టు 1953లో సి.జె.3బి రకంతో వచ్చినది. కొత్త ఇంజనులో లోపలికి గాలి పీల్చే వాల్వులను పైభాగాన అమర్చడం వలన ఇంజను ఎత్తు పెరిగి, బానెట్టును కూడ పెంచవలసివచ్చినది. నమస్కారం చెప్పి వచ్చేశాము.

మరొకచోట బండి చూడముచ్చటగా ఉన్నది. రంగు మెరిసిపోతున్నది. వెల మాకు అందుబాటులోనిదే. కాని చాసిస్ నంబరుపై కాగితమునుంచి పెన్సిలుతో రుద్దగా, రెండు అంకెలు తక్కినవాటికంటె లోతుగా, వంకరగా కనిపించాయి. చుట్టూ ఇనుమును అరగదీసిన జాడలు. ఇంజను, గేరుబాక్సు, చక్రాలు, తొట్టి – జీపులో ఏది చెడినా మరొకటి దొరుకుతుంది. చాసిస్, దానికి సరిపోయే కాగితం, ఈ రెండింటికి మాత్రం బదులు లేదు. ఆ బండినీ వదలుకొన్నాము.

చివరకు కడప శివార్లలో ఒక విశ్రాంత కాంట్రాక్టరు వద్ద 1979 నాటి సి.జె.3బి దొరికినది. తొట్టి అడుగున తుప్పు. లప్పం పెట్టి దాచే ప్రయత్నమేదీ ఆయన చేయలేదు. పెట్రోలు ఇంజను తీసి డీజిలు ఇంజను వేయించారు. ఆ మార్పు రిజిస్ట్రేషను పుస్తకంలో నమోదై ఉన్నది. నంబర్లు సరిపోయాయి. చాసిస్ నిడివి పొడుగునా సుత్తితో తట్టి చూడగా ఎక్కడా బోలుచప్పుడు రాలేదు. లక్షా ముప్పైఐదు వేలకు బేరం కుదిరినది.

బండిని ఒక వృద్ధ మెకానిక్కు షెడ్డుకు చేర్చాము. అందరూ ఆయనను ఉస్తాద్ అంటారు. ముందుగా రంగు వేయిద్దామని మా తమ్ముడనగా ఆయన నవ్వి, “అబ్బయ్యా, బండి ఉరకడం గొప్ప కాదు, ఆగడం గొప్ప. ముందు ఆగనీ” అన్నారు. ఆ క్రమంలోనే పని సాగినది.

మొదట బ్రేకులు. ఈ రకం జీపులో నాలుగు చక్రాలకూ ఒకే మాస్టరు సిలిండరు, ఒకే నూనె మార్గం. ఎక్కడ కారినా నాలుగూ పోతాయి. చేతిబ్రేకు కూడ చక్రాలను కాక, వెనుకకు శక్తిని మోసే షాఫ్టును పట్టి ఆపుతుంది; ఆ షాఫ్టు క్రాస్ విరిగితే చేతిబ్రేకూ ఉండదు. అందుచేత పైపులు, సిలిండర్లు, లైనింగులు, క్రాసులు అన్నీ మార్పించాము. పిదప స్టీరింగు. ముందు చక్రాలు తిరిగే కింగ్‌పిన్ బేరింగులు అరిగితే, కొంత వేగంలో చక్రాలు గడగడ వణకుతాయి. అవి మార్చి, కమాన్ కట్టలలో విరిగిన పట్టీలు రెండు తీసి కొత్తవి వేశారు. తరువాత రేడియేటరు, క్లచ్ ప్లేటు, వైర్లు. మొత్తం ఏభైరెండు వేలు అయినది. రంగుకు డబ్బు మిగలలేదు.

రిజిస్ట్రేషను వ్యవహారం వేరొక పరీక్ష. సొంత వాహనానికి మొదటి రిజిస్ట్రేషను పదిహేను సంవత్సరాలు. ఆపైన ఐదేళ్ళకొకసారి బండిని చూపించి పొడిగించుకోవాలి. పేరు మార్పునకు 29, 30 నంబర్ల ఫారాలు కావాలి. ఏభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనాలకు 2021లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. కాని అట్టి వాహనం నిత్యప్రయాణానికి పనికిరాదు. మాకు కావలసినది ప్రదర్శనకు కాదు, తోటకు వెళ్ళడానికి. బ్రేకు ఇన్స్పెక్టరుగారు బండి నడిపి చూసి, ఆపి చూసి, సంతకం చేసిననాడు ఉస్తాద్ మాట విలువ తెలిసివచ్చినది.

కడప నుండి గువ్వలచెరువు ఘాటు మీదుగా జీపును ఇంటికి తెచ్చాము. ఎక్కుడు నిదానంగా ఎక్కినది. నాలుగు చక్రాల లీవరును తారురోడ్డు మీద తగలనీయవద్దని ఉస్తాద్ గట్టిగా చెప్పి పంపారు. మలుపులో ముందు చక్రాలు, వెనుక చక్రాలు సమానదూరం తిరగవు. గట్టినేల మీద ఆ తేడా సర్దుకొనే వీలులేక గేర్లు బిగుసుకొంటాయి. ఇసుకలోను, బురదలోను చక్రాలు కొద్దిగా జారి ఆ తేడాను తీర్చుకొంటాయి.

ఉగాదికి పది రోజుల ముందు నాన్నగారిని ముందుసీటులో దిండ్ల నడుమ కూర్చుండబెట్టాము. వంక దగ్గర దిగి, కర్రతో లోతు చూసి, నాలుగు చక్రాల లీవరును, ఆపైన తక్కువ వేగపు లీవరును వేశాము. అప్పుడు చక్రాల వేగం రెండున్నర రెట్లు తగ్గి, లాగే బలం ఆ మేరకు పెరుగుతుంది. జీపు మనిషి నడకతో వంక దాటినది. ఆయన మాట్లాడలేదు. తోటలో, సీటులోనుండే, వరుసల వెంట వేలు కదలిస్తూ చెట్లను లెక్కించారు. ఒక చెట్టు మొదట్లో చెదలు చూపి, “దీన్ని ఎవరూ చూడలేదేమిరా?” అని కోప్పడ్డారు. రెండేళ్ళ తరువాత విన్న ఆ కోపం మాకు దీవెనలా తోచినది. తిరుగుదారిలో, “ఆ పెద్దమనిషికి తోట అమ్మేది లేదని కబురు చేయండి” అన్నారు.

మిత్రులారా! మార్చుకొనదగినవాటి కోసం విచారింపనక్కరలేదు. మార్చరానిది చెడకుండ చూచుకొంటే చాలు. ఆగడం నేర్చిన తరువాతనే కదలడం మంచిది. రంగు సంగతి వచ్చే పంటకు చూచుకొంటాము.