ఫ్రిజ్ చల్లగానే ఉంది.. మరి మందు?

మీ ఫ్రిజ్ నాబ్ ఇప్పుడు ఎంత మీద ఉంది? మూడా, నాలుగా? ఆ అంకె డిగ్రీలు కాదు. మన ఇళ్లల్లో ఎక్కువగా కనిపించే సింగిల్ డోర్ ఫ్రిజ్‌లో థర్మోస్టాట్ సన్న గొట్టం కొస ఫ్రీజర్ పలకకు ఆనుకుని ఉంటుంది. అంటే ఫ్రిజ్ చూసుకునేది ఆ పలక ఎంత చల్లబడిందో అంతే. కింది అరలో ఉన్న పాల ప్యాకెట్ సంగతి దానికి తెలియదు.

పాలు పాడైతే కాచగానే విరిగిపోయి మనకు తెలుస్తుంది. మా ఇంట్లో గుబులంతా ఇన్సులిన్ గురించి. మేడ్చల్‌లో మా ఫ్లాట్‌కి అమ్మ మందు నెలకు సరిపడా ఒకేసారి తెస్తాం. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వేడెక్కితే బలం తగ్గుతుంది. గడ్డకడితే ఇక వాడకూడదు. కానీ కరిగాక చూస్తే మామూలుగానే కనిపించొచ్చు! సూది వేసుకున్నా షుగర్ దిగదు, డాక్టర్ డోసు పెంచుతారు. ఆ తర్వాత కొత్త సీసా మొదలుపెట్టిన రోజు, ఆ పెరిగిన డోసుకు షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. ఫ్రిజ్ మీద ఎవరికీ అనుమానం రాదు.

అందుకే డీఎస్18బీ20 అనే సెన్సర్లు రెండు, ఒక ఈఎస్‌పీ32 బోర్డు కొన్నాను. స్టీలు గొట్టంలో వచ్చే ఈ సెన్సర్ అర డిగ్రీ అటూ ఇటూగా సరిగ్గానే చెబుతుంది. ముందు రెండింటినీ దంచిన ఐసు, నీళ్లు కలిపిన గ్లాసులో పెట్టి 0 చూపిస్తున్నాయో లేదో చూశాను. తర్వాత ఒకదాన్ని మధ్య అరలో గాలిలో వేలాడదీశాను. గ్రాఫ్ రంపం పళ్లలా వచ్చింది. కంప్రెసర్ ఆన్ అయితే 2, ఆగితే 8, తలుపు తీస్తే 12. ఇందులో మందు ఎంత చల్లగా ఉన్నట్టు?

దీని మీద బుర్ర బాగా పెట్టింది విదేశాల్లో ఇంట్లోనే బీరు తయారుచేసుకునేవాళ్లు. మన దగ్గర లైసెన్స్ లేకుండా ఆ పని చేస్తే ఎక్సైజ్ కేసే, కాబట్టి వాళ్ల సెన్సర్ కిటుకు ఒక్కటే తెచ్చుకుందాం. ఈస్టు పులిసేటప్పుడు వేడి పుడుతుంది. ఫ్రిజ్‌లో గాలి కంటే పాత్రలో ద్రవం కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. అందుకే వాళ్లు సెన్సర్‌ను పాత్ర గోడకు టేపుతో బిగించి, పైన మందపాటి ఫోమ్ ముక్క కప్పుతారు. ఆ ఫోమ్ లేకపోతే సెన్సర్ ఒక వైపు పాత్రను, మరో వైపు గాలిని తాకి రెండింటికీ మధ్య ఏదో అంకె చెబుతుంది. కెగ్ ఫ్రిజ్‌లో అయితే చాలామంది సెన్సర్‌ను ఒక సీసా ద్రవంలో ముంచి ఉంచుతారు.

టీకాల దగ్గరా ఇదే సూత్రం. మాకు దగ్గర్లోనే, షామీర్‌పేట దాటితే తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ ఉంది. 2021 జనవరిలో అత్యవసర అనుమతి వచ్చిన కోవాగ్జిన్‌ను తయారుచేసిన భారత్ బయోటెక్ అక్కడిదే. దానికీ 2 నుంచి 8 డిగ్రీలే, గడ్డకట్టకూడదు. టీకాలు దాచే ఫ్రిజ్‌లకు సిఫార్సు చేసే పద్ధతి ఏంటంటే, సెన్సర్‌ను గ్లైకాల్ ఉన్న చిన్న సీసాలో ఉంచడం. అప్పుడది గాలి ఉష్ణోగ్రత కాకుండా, మందు సీసా ఉష్ణోగ్రతకు దగ్గరగా చెబుతుంది.

నేనూ అలాగే చేశాను. రెండో సెన్సర్‌ను మెడికల్ షాపులో దొరికే గ్లిజరిన్‌తో నింపిన చిన్న సీసాలో ముంచి, ఇన్సులిన్ డబ్బా పక్కనే పెట్టాను. నీళ్లు ఎందుకు కాదంటే, గడ్డకట్టడం మొదలైతే రీడింగ్ 0 దగ్గరే ఆగిపోయి అసలు చలిని దాచేస్తుంది. సీసా సైజు కూడా ముఖ్యం. ఇన్సులిన్ వయల్ 10 మిల్లీలీటర్లు. లీటరు సీసా పెడితే మందు వేడెక్కాక చాలాసేపటికి గానీ అది కదలదు.

అమ్మకు మొదట నచ్చలేదు. "గా ఫ్రిజ్‌ల వైర్లేంది రా? షాక్ కొడ్తే?" అంది. మూడు వోల్టులే అమ్మా అంటే, "నీ వోల్టులు నాకెందుకు, తలుపు సరిగ్గా పడ్తలేదు సూడు" అంది. ఆమె మాట నిజమే. గుండ్రటి కేబుల్ రబ్బరు గాస్కెట్‌ను ఎత్తేస్తుంది, ఆ సందులోంచి తేమ లోపలికొస్తుంది. చదునైన సన్న వైరుకు మార్చి, కీళ్ల వైపు నుంచి తెచ్చాను.

ఇప్పుడు సీసా గ్రాఫ్ 5 డిగ్రీల దగ్గర ఒక డిగ్రీ అటూ ఇటూ. తలుపు తీసినా అర డిగ్రీ పెరుగుతుంది, అంతే. కోడ్‌లో రాయాల్సిన ఫిల్టర్ పనిని గ్లిజరిన్ ఉచితంగా చేసిపెట్టింది. అదే సీసాను ఫ్రీజర్ కింది ట్రేలో పెట్టి చూస్తే రాత్రికి మైనస్ 1! తలుపు అరలో అయితే మధ్యాహ్నం 9 దాటింది. అందుకే మా ఇంట్లో మందుకి మధ్య అరే, వెనక గోడకు ఆనకుండా.

ఇదంతా కట్టుకునే ఓపిక లేకపోతే, వైరుతో ఉన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి, గ్లిజరిన్ సీసా ఒకటి చాలు. మందు గడ్డకట్టిందని అనుమానం వస్తే వాడకుండా డాక్టర్‌ని అడగండి.

మొన్న మధ్యాహ్నం కరెంటు గంటన్నర పోయింది. నేను ఆఫీసులో ఉన్నా. నేను ఫోన్ చేసేలోపే అమ్మ నుంచి కాల్. "సీసల ఏడున్నర చూపెట్టింది, ఇంక కరెంటొచ్చింది. నేను తలుపే తియ్యలే" అంది. యాప్ ఆమె ఫోన్‌లోనూ ఉంది మరి.