బాగుచేయిద్దామా, కొత్తది కొందామా?

మా ఇంట్లో ఇరవై ఏళ్లు దాటిన వస్తువులు మూడే ఉన్నాయి. అమ్మ పెళ్లినాటి ప్రెషర్ కుక్కర్, నాన్నగారి ఇనప్పెట్టె, ఒక కామ్‌కార్డర్. నాన్నగారు వాయుసేనలో పనిచేస్తారు కాబట్టి మూడు నాలుగేళ్లకోసారి ఊరు మారతాం. మారినప్పుడల్లా ఏవో కొన్ని సామాన్లు వదిలేస్తాం. ఈ మూడు మాత్రం సూలూరు నుంచి జోధ్‌పూర్ దాకా మాతోనే వచ్చాయి. కుక్కర్‌కు గాస్కెట్ మారిస్తే సరిపోతుంది, పెట్టెకు రంగు వేస్తే సరిపోతుంది. కామ్‌కార్డర్ విషయంలోనే కిందటి వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదీ రెండు పక్షాలైపోయాం.

దాన్ని 2004లో, అన్నయ్య పుట్టిన సంవత్సరం కొన్నారు. మినీ డీవీ క్యాసెట్ మీద రికార్డు చేసే రకం. క్యాసెట్ అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. లోపలి టేపు వెడల్పు 6.35 మిల్లీమీటర్లు. ఒక్కోదానిలో గంటసేపు వీడియో పడుతుంది. అలాంటివి మా దగ్గర పద్నాలుగు ఉన్నాయి. ఇప్పుడు ఏ క్యాసెట్ పెట్టినా కెమెరా లోపలికి తీసుకుంటుంది, కాసేపు గుర్రుగుర్రుమంటుంది, మళ్లీ బయటికి తోసేస్తుంది. తినననే పసిపిల్లాడిలాగ!

"పారేసి కొత్తది కొందాం" అన్నాడు అన్నయ్య. పైగా లెక్క కూడా చూపించాడు. మన దేశంలో వాడిన పాల్ పద్ధతిలో డీవీ బొమ్మకు 720 నిలువు వరసలు, 576 అడ్డ వరసలు. అంటే 4,14,720 చుక్కలు. ఇప్పటి 4కె ఫోన్‌లో 82,94,400 చుక్కలు. నేను భాగించి చూశాను, సరిగ్గా ఇరవై రెట్లు! ఆ లెక్కలో అన్నయ్యదే గెలుపు. కానీ కొత్త కెమెరాలో క్యాసెట్ పెట్టే చోటే ఉండదు కదా.

ఆ పద్నాలుగింటిలో ఒకదాని మీద నాన్నగారి చేతిరాతతో "బొబ్బిలి, దసరా, 2006" అని ఉంది. బొబ్బిలి మా తాతయ్యగారి ఊరు. తాతయ్య 2011లో పోయారు. అప్పటికి నాకు మూడేళ్లు. ఆయన ఫోటోలు చాలా ఉన్నాయి. గొంతు మాత్రం ఆ క్యాసెట్‌లో తప్ప మరెక్కడా లేదు. నానమ్మ ఫోన్ చేసిన ప్రతిసారీ, "ఆ పెట్టి బాగైందేటమ్మా?" అని అడిగేది.

ముందు సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాం. ఆ మోడల్‌కు విడిభాగాలు రావడం ఎప్పుడో ఆగిపోయిందని చెప్పి, కొత్త కెమెరాల కాగితం చేతిలో పెట్టారు. పాత సెకండ్ హ్యాండ్ కెమెరా ఆన్‌లైన్‌లో తొమ్మిది వేలకు కనిపించింది. అదీ మాదాని ఈడుదే, చూడకుండా కొనాలి. క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇచ్చేవాళ్లు ఇంకో నగరంలో ఉన్నారు. క్యాసెట్‌కు నాలుగు వందల చొప్పున 5,600 రూపాయలు. ధర బాగానే ఉంది, కానీ అమ్మ కొరియర్ అనగానే వద్దంది. "దారిలో పోతే డబ్బు తిరిగి ఇస్తారేమో, మామయ్యగారి గొంతు ఇస్తారా?" అంది.

చివరికి బజారులో పాత రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే ఒక ముసలాయన దొరికారు. ఆయన మూత విప్పి చూపించాక కెమెరా మీద నాకు గౌరవం పెరిగింది. లోపల బొటనవేలంత డ్రమ్ము ఒకటి ఏటవాలుగా కూర్చుని ఉంటుంది. టేపు దాని చుట్టూ చుట్టుకుంటే, డ్రమ్ము నిమిషానికి 9,000 సార్లు తిరుగుతూ చదువుతుంది. టేపు మీద ఒక్కో గీత వెడల్పు మిల్లీమీటరులో నూరో వంతేనని తర్వాత చదివి తెలుసుకున్నాను. అంత సన్నటి గీత మీద జోధ్‌పూర్ ఇసుక రేణువు ఒక్కటి పడితే ఏమవుతుందో ఊహించుకోండి! మాదానిలో డ్రమ్ము బాగానే ఉంది. టేపును లాగే రబ్బరు చక్రం గట్టిపడిపోయింది, ఒక చిన్న పళ్లచక్రం విరిగింది.

ఆయన ఒక్కటే అడిగారు. దీనితో ఇంకా వీడియోలు తీస్తారా, ఉన్నవి చూసుకుంటారా? తీయడానికైతే డబ్బు దండగ, నేను చేయను, చూసుకోవడానికైతే చేస్తాను అన్నారు. తన దగ్గరున్న మరో చెడిపోయిన కెమెరాలోంచి చక్రాలు తీసి వేస్తారట. 3,500 రూపాయలు, గ్యారంటీ లేదు. వాడినా వాడకపోయినా రబ్బరు ముదురుతూనే ఉంటుంది, ఆలస్యం చేయకండి అని కూడా చెప్పారు. బేరం పోతుందేమోనన్న బెంగ లేకుండా మాట్లాడిన మనిషిని నేను దుకాణాల్లో తక్కువగా చూశాను. నాన్నగారు అక్కడికక్కడే ఒప్పుకున్నారు.

ఆ తర్వాతి పని అన్నయ్య తీసుకున్నాడు (పారేద్దామన్నవాడే!). ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఫైర్‌వైర్ సాకెట్ ఉండదు. అందుకని మా పాత డెస్క్‌టాప్‌లో ఒక కార్డు బిగించాడు. గంట క్యాసెట్ ఎక్కడానికి గంట పడుతుంది, తొందరపెట్టే వీలు లేదు. ఒక్కోటి దాదాపు 13 జీబీ. రెండు హార్డ్ డిస్కులలో రెండు కాపీలు ఉంచుతున్నాం.

బొబ్బిలి క్యాసెట్ మొదట్లో అయిదు నిమిషాలు అన్నీ గళ్లే. ఆ తర్వాత బొమ్మ తేటపడింది. అరుగు మీద కూర్చుని తాతయ్య, "ఏటిరా అది, పొద్దస్తమానం కంటికంటించుకుని తిరుగుతున్నావు? అన్నానికి రా" అన్నారు. నాన్నగారు లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. అమ్మ నానమ్మకు ఫోన్ కలిపి స్పీకర్ దగ్గర పెట్టింది. ఆవిడ రెండుసార్లు వేయించుకుని విని, "ఆ రోజు ఆయనకి జలుబు. అసలు గొంతు ఇంకా బాగుంటుంది" అంది.

ఇప్పటికి పది క్యాసెట్లు అయ్యాయి. కెమెరా మూత మళ్లీ కీచుమంటోంది, అందుకే ఆదివారానికి ఒక్కటే పెడుతున్నాం. మిగిలిన నాలుగింటిలో ఒకదాని మీద చీటీ ఊడిపోయింది. అందులో ఏముందో నాన్నగారికి కూడా గుర్తు లేదు. వచ్చే ఆదివారం దాని వంతు.