హసన్‌పర్తి చెరువు, హరిత పద్దు

హనుమకొండలో కేయూ క్రాస్ రోడ్డు దాటి కరీంనగర్ దారి పడితే ముందు భీమారం, తర్వాత ఎర్రగట్టు గుట్ట, ఆ తర్వాత హసన్‌పర్తి. ఎక్కడ నగరం అయిపోయి ఎక్కడ ఊరు మొదలవుతుందో గీత గీసి చూపించలేం. ఒక పక్క కాలేజీలు, హాస్టళ్లు, కొత్త అపార్ట్‌మెంట్లు. ఇంకో పక్క వరి మళ్లు. ఒకప్పుడు ఇది గ్రామ పంచాయతీ. వరంగల్ చుట్టుపక్కల 42 గ్రామాలను నగరంలో కలిపినప్పుడు ఇదీ కలిసింది. 2015లో నగరపాలక సంస్థకు గ్రేటర్ హోదా వచ్చింది. సర్పంచ్ పోయి కార్పొరేటర్ వచ్చారు. మండలంలో బయటి ఊళ్లు మాత్రం పంచాయతీలుగానే మిగిలాయి.

నన్ను ఇక్కడికి రప్పించింది ఒక ప్రశ్న. ఎండలు ముదురుతున్నాయి, వానలు అదును తప్పుతున్నాయి. దేశాధినేతల సదస్సులు ఏం తేల్చినా తేల్చకపోయినా, ఒక నగర డివిజనో ఒక పంచాయతీయో తన చేతిలో ఉన్న డబ్బుతో, తనకు చట్టం ఇచ్చిన అధికారంతో చేయగలిగింది ఏమిటి? దానికి జవాబు కాగితాల్లో కాకుండా నేల మీద చూడాలనుకున్నాను.

2023 జులై చివరి వారాన్ని ఈ ప్రాంతం మరిచిపోలేదు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. రాష్ట్రంలో అంతకుముందు ఏ ఒక్క రోజూ అంత వాన నమోదు కాలేదు. వరంగల్‌లో కాలనీలకు కాలనీలు మునిగాయి. వాన వెలిశాక భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది. రెండేళ్లు తిరిగాయో లేదో, 2025 అక్టోబర్ ఆఖర్లో మొంథా తుపాను వచ్చి కోతకొచ్చిన వరినీ, ఏరాల్సిన పత్తినీ నీళ్లపాలు చేసింది. హనుమకొండ మళ్లీ మునిగింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే అది మోసే తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది. ఆ తేమంతా ఒక్కసారి కుమ్మరిస్తే ఏమవుతుందో ఇక్కడివాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

చెరువు కట్ట మీద నాకు ఒక పెద్దాయన తోడు వచ్చాడు. వాళ్ల ఇంట్లో తాతల కాలం నుంచి నీరటి పని. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ఎన్ని గడియలు నీళ్లు పారించాలో చూసుకునే మనిషి నీరటి. ఇప్పుడు ఆ పని లేదు, చూపు మాత్రం ఉంది. కట్ట మీద నిలబడి నేను నీళ్ల వైపు చూస్తుంటే ఆయన నీళ్లు వచ్చే దిక్కు చూస్తున్నాడు.

"చెరువును చూసుడు గాదు సారూ, చెరువులకు నీళ్లచ్చే తొవ్వ జూడాలె" అన్నాడు.

ఆ తొవ్వ వెంట నడిచాం. పైనున్న పొలాల్లో ఒర్రె (చిన్న వాగు) ఒర్రెలాగే ఉంది. రెండు ఒడ్లకూ తుమ్మ, ఈత, అడుగున ఇసుక. ప్లాట్ల రాళ్లు మొదలైన చోటి నుంచి అది చిక్కిపోతూ వచ్చి, ఒక దగ్గర ఇద్దరు పక్కపక్కన నిలబడలేనంత సిమెంటు మోరీ అయిపోయింది. మోరీ నిండా ప్లాస్టిక్ సంచులు, పాత దుప్పటి, పూజ చేసి పారేసిన పూలదండలు. చెరువు అంచున ఆకుపచ్చగా పరుచుకున్న గుర్రపుడెక్క ఈ మోరీ తెచ్చే మురికి తినే బలుస్తోంది. పెద్దవాన వస్తే ఈ ఇరుకులోంచి ఎంత నీరు పోగలదు? మిగిలింది ఇళ్లల్లోకే. అదే నీళ్లు వానకార్తెల్లో చెరువుకు చేరకపోతే ఎండాకాలం బోర్లు ఎండుతాయి. వరదకూ కరువుకూ మూలం ఒకే మోరీ.

ఈ నేల మీద చెరువులను గొలుసుకట్టుగా కట్టారు. ఒకదాని మత్తడి దుంకిన నీళ్లు కింది చెరువుకు చేరాలి, అక్కడి నుంచి ఇంకో దానికి. కాకతీయుల నాటి రామప్ప, పాకాల పేర్లు అందరికీ తెలుసు. పేరు లేని ఊరి చెరువులూ అదే లెక్కలో ఉన్నాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువులను బాగుచేయాలని పెట్టుకుంది. పూడిక తీశారు, కట్టలు బలపరిచారు, తూములు మార్చారు. ఆ పని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. కానీ చెరువుకూ చెరువుకూ నడుమ ఉన్న ఒర్రెలు చాలాచోట్ల అలాగే ఉండిపోయాయి. గొలుసులో కొక్కేలు తెగి ఉంటే గుండ్లు ఎంత మెరిసినా లాభం లేదు.

ఇక్కడే పాలన చిక్కు కూడా ఉంది. చెరువు నీటిపారుదల శాఖది. చెరువు లోపలి శిఖం భూమి రెవెన్యూ శాఖది. ఇళ్ల అనుమతులు నగరపాలక సంస్థవి. నీళ్లు మొదలయ్యే ఎగువ పొలాలు పంచాయతీలవి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు, జీవో 168, చాలా స్పష్టంగా ఉన్నాయి. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్ల దాకా, చిన్న కుంటలకు 9 మీటర్ల దాకా కట్టడాలు రాకూడదు. ఆ హద్దును నేల మీద రాళ్లు పాతి చూపిస్తేనే కొనేవాడికి తెలుస్తుంది, అమ్మేవాడు జంకుతాడు.

"పెద్దయ్యా, మీ చిన్నప్పుడు ఈ రాళ్లు ఉండేవా?" అని అడిగాను.

"రాయెందుకు సారూ? నీళ్లు యాడిదాక వస్తయో అందరికెరుకనే. ఇప్పుడొచ్చినోళ్లకు ఎరుక లేదు."

అధికారం లేదని స్థానిక సంస్థలు అనడానికి వీల్లేదు. 73, 74వ రాజ్యాంగ సవరణలతో వచ్చిన 11వ షెడ్యూల్‌లో పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలున్నాయి. చిన్న నీటిపారుదల, సామాజిక అడవులు, సంప్రదాయేతర ఇంధనం అందులోవే. పట్టణాలకు 12వ షెడ్యూల్‌లో 18 అంశాలు, వాటిలో పర్యావరణ రక్షణ ఒకటి. తెలంగాణ ఇంకో అడుగు ముందుకు వేసింది. 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 మున్సిపల్ చట్టం రెండూ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలన్నాయి. నాటిన మొక్కల్లో 85 శాతం బతక్కపోతే బాధ్యులైన ప్రజాప్రతినిధుల పదవికే ఎసరు పెట్టాయి. దేశంలో ఇంత గట్టి నిబంధన ఇంకెక్కడా నేను చూడలేదు. ఆ 10 శాతం హరిత పద్దును ఎలా ఖర్చు పెడుతున్నామన్నదే అసలు సంగతి.

దగ్గరలోని ఒక పంచాయతీ నర్సరీకి వెళ్లాను. పల్లె ప్రగతి రోజుల్లో ఊరికొకటి చొప్పున పెట్టిన నర్సరీల్లో అదొకటి. ఆకుపచ్చ నీడ వల కింద వరసలుగా నల్ల సంచులు. వాటిల్లో ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి నింపారు. వేప, కానుగ, చింత, ఉసిరి. అక్కడ పనిచేసే ఆమె ఒక చింత మొక్క సంచిని అడుగున బ్లేడుతో కోసి నాకు చూపించింది. తల్లివేరు కిందికి దారి దొరక్క సంచి అడుగున మూడు చుట్లు చుట్టుకుని ఉంది.

"సంచిల శానా దినాలుంటే గిట్లనే అయితది అన్నా. ఇది నాటినా పెద్ద గాలికి పడిపోతది. చుట్టు కోసి నాటాలె, లేకుంటే ముందే నాటాలె" అంది.

నర్సరీలో ఎన్ని మొక్కలున్నాయని లెక్క తీసుకునే వాళ్లు వస్తారు, వేరు చూసేవాళ్లు రారు. హరితహారం 2015 జులైలో మొదలైంది, ఇప్పుడు వన మహోత్సవం పేరుతో సాగుతోంది. పేరు ఏదైనా గుంత తీసిన రోజు ఫొటో ఉంటుంది, మూడో ఎండాకాలం ఫొటో ఉండదు. త్వరగా పచ్చగా కనిపిస్తాయని కోనోకార్పస్ మొక్కలు ఊరూరా నాటించారు, తర్వాత వద్దన్నారు. కట్టకు మద్ది, ఈత, తాటి పనికొస్తాయి. ఒర్రె గట్టుకు కానుగ. బడికి, బస్టాపుకు వేప, రావి. ఈ మాట నర్సరీ ఆమెకూ తెలుసు, కల్లుగీసే గౌడన్నకూ తెలుసు. హరిత పద్దును మొక్కల కొనుగోలుకు కాకుండా మూడేళ్ల నీళ్లకూ, కావలికీ, ఒర్రె గట్లకూ ఖర్చు పెట్టాలని నా గట్టి అభిప్రాయం.

మధ్యాహ్నం ఒక నేతగాడి ఇంటికి వెళ్లాను. హసన్‌పర్తిలో పద్మశాలీల మగ్గాలు ఇంకా ఆడుతున్నాయి. ఆయనది గుంట మగ్గం. పైన సిమెంటు రేకులు. లోపల అడుగుపెట్టగానే మొహానికి సెగ కొట్టింది. ఆయన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని, పక్కనున్న చెంబుతో నేల మీద నీళ్లు చల్లాడు. పొడిగాలికి పడుగు నూలు పెళుసెక్కి పుటుక్కున తెగుతుంది. గుంటలోని చల్లదనం, తడి దాన్ని ఆపుతాయి. తెగిన పోగును వేళ్లతో మెలిపెట్టి అతికించి మళ్లీ పలక లాగాడు. ఎండాకాలంలో పొద్దున పదకొండు దాటాక మగ్గం దిగి, మళ్లీ నాలుగు దాటాకే ఎక్కుతానన్నాడు. ఆ గంటల కూలి పోయినట్టే. వాతావరణ మార్పు నష్టాన్ని కోట్లలో చెప్పే నివేదికల్లో ఈ కూలి కనపడదు.

రాష్ట్రం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పును చల్లబరచాలన్నది లక్ష్యం, అందులో 200 హైదరాబాద్‌లోనే. కప్పుకు తెల్లటి పూత వేస్తే ఎండ తిరిగిపోతుంది, లోపల 2 నుంచి 5 డిగ్రీల దాకా వేడి తగ్గుతుంది. అయితే ఇళ్ల విషయంలో ఇది తప్పనిసరి అయ్యేది 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టేవాటికే. ఈ నేతగాడి ఇల్లు అందులో పదో వంతు ఉంటుందేమో. ఏసీ పెట్టుకోగలవాడికి నిబంధన ఉంది, రేకుల కింద మగ్గం ఆడించేవాడికి లేదు. డివిజన్ తలుచుకుంటే ఈ లోటు పూడ్చవచ్చు. మగ్గం షెడ్లకు, అంగన్‌వాడీలకు, బడి గదులకు ముందు సున్నం పూత వేయించాలి. ఫిబ్రవరిలో వేస్తే జూన్ దాకా పనిచేస్తుంది. పెద్ద ఖర్చు కాదు.

చెత్త సంగతి ఎక్కువ చెప్పను. వరంగల్ 2012 అక్టోబర్‌లోనే క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్ పెట్టి ఇంటింటా తడి, పొడి చెత్త విడదీయించి దేశానికి దారి చూపిన నగరం. తడి చెత్త ఊళ్లోనే ఎరువైతే మడికొండ డంపింగ్ యార్డు గుట్ట పెరగదు, అందులోంచి మీథేన్ రాదు. తెలిసిన పనే, వదలకుండా చేయాలి.

ఈ మండలంలోనే దేవన్నపేటలో దేవాదుల మూడో దశ పంప్‌హౌస్ ఉంది. ములుగు జిల్లాలో గోదావరి దగ్గర ఎత్తిన నీళ్లు కొండలు దాటి ఇక్కడిదాకా వచ్చి, మళ్లీ ఎత్తితే ధర్మసాగర్ చేరతాయి. ఎత్తిన ప్రతి చుక్క వెనకా కరెంటు ఉంది, ఆ కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుదే. ఆ నీళ్లు మన రైతులకు కావాలి, అందులో సందేహం లేదు. కానీ ఊరిమీద కురిసిన వాన ఊరి చెరువులో నిలిస్తే ఎత్తాల్సింది అంతమేరకు తగ్గుతుంది. ఒర్రె బాగుచేయడం వరదకు మందు, కరువుకు మందు, బొగ్గు పొదుపు కూడా. సోలార్ పలకలు బిగించుకున్న పంచాయతీలకు వచ్చే పేరు ఒర్రె బాగుచేసిన పంచాయతీకీ రావాలి.

కేరళ వయనాడ్‌లోని మీనంగాడి పంచాయతీ 2016లో కర్బన సమతుల్యం లక్ష్యంగా పెట్టుకుంది. వాళ్లు ముందు చేసింది లెక్క కట్టడం. ఊరు ఎంత పొగ వదులుతోంది, ఎన్ని చెట్లున్నాయి అని. తర్వాత చెట్టును తాకట్టు పెట్టుకుని రైతుకు ఒక్కో చెట్టుకు ఏడాదికి 50 రూపాయల చొప్పున వడ్డీ లేని అప్పు ఇచ్చారు. చెట్టు నరకనంత కాలం అప్పు కట్టమని ఎవరూ అడగరు. మన దగ్గర ఒర్రె గట్టు రైతుకు ఇలాంటిది ఎందుకు ఇవ్వకూడదు? గట్టు మీద మీటరు జాగా వదిలి చెట్టు పెంచమంటే నష్టం ఆయనది, లాభం కింది కాలనీలది. ఆ లెక్క సరిచేయాల్సింది కింది కాలనీల పన్ను వసూలు చేసే సంస్థే.

ఎగువ పంచాయతీ, దిగువ డివిజన్ ఒక్కచోట కూర్చునే వేదిక లేకపోవడమే నాకు అన్నిటికన్నా పెద్ద లోటుగా కనిపించింది. పంచాయతీకి రెండు నెలలకోసారి గ్రామసభ ఉంది. 2025 డిసెంబర్ ఎన్నికలతో కొత్త సర్పంచులు వచ్చారు. గ్రామ అభివృద్ధి ప్రణాళికకు ఇచ్చిన తొమ్మిది ఇతివృత్తాల్లో నీటి సమృద్ధి ఒకటి, పచ్చదనం పరిశుభ్రత ఒకటి. నగరంలో ప్రతి డివిజన్‌కూ మున్సిపల్ చట్టం నాలుగు వార్డు కమిటీలు ఇచ్చింది. యువత, మహిళలు, వృద్ధులు, ఊరి పెద్దలు, ఒక్కో కమిటీలో 15 మంది. ఈ రెండు వ్యవస్థలూ ఒక్క ఒర్రె వెంట కలిసి నడిస్తే చాలు. ఎక్కడ ఇరుకు, ఎవరి హద్దు, ఎంత వెడల్పు అన్నది ఒక్క పూటలో తేలుతుంది. ఆ నడకలో నీరటి పెద్దాయనను, నర్సరీ ఆమెను ముందు పెట్టుకోవాలి.

ఆ మాటే పెద్దాయనతో అన్నాను. ఆయన వెంటనే నెలలు లెక్కబెట్టాడు. మృగశిరకు ముందే ఒర్రె సాఫు కావాలంటే చైత్ర, వైశాఖాల్లో పని జరగాలి, వరి కోతలయ్యి మిషన్లు దిగే జాగ దొరికేది అప్పుడే. అంటే ఏప్రిల్, మే. ఏప్రిల్‌లో పొక్లెయిన్ దిగాలంటే మార్చిలోపు ఆమోదమయ్యే బడ్జెట్‌లో హరిత పద్దు కింద ఒర్రె పేరు, దాని పొడవు, దాని అంచనా రాసి ఉండాలి. ఆ కాగితం జనవరిలోనే వార్డు కమిటీ సంతకాలతో వెళ్లాలి.