దిగిన దారి

దూరపు కొండలు నునుపు అంటారు పెద్దలు. పటంలోని కొండలు మరింత నునుపు. కాగితం మీద సన్నని గీతగా కనిపించే దారి, కాళ్ళ కిందికి వచ్చినప్పుడు గాని తన వాలునూ వంపులనూ బయటపెట్టదు. అందువల్లనే కొండదారిన సైకిలు యాత్ర చేయదలచినవాడు, బయలుదేరే ముందే ఒకసారి మనసులో ఆ దారంతా తొక్కి రావలసి ఉంటుంది.

స్పెయిన్ దేశానికి చెందిన మయోర్కా దీవి మధ్యధరా సముద్రంలో ఉన్నది. దాని వాయవ్య తీరం పొడవునా గోడ కట్టినట్లు ట్రమున్‌తానా పర్వతశ్రేణి సాగుతుంది. అక్కడి రైతులు శతాబ్దాల తరబడి సున్నం గాని మట్టి గాని వాడకుండా రాయి మీద రాయి పేర్చి గట్లు కట్టారు. ఆ గట్ల నడుమ ఆలివ్ చెట్లు పెంచి, కొండ చరియలను మెట్లు మెట్లుగా మలిచారు. 2011లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వసంతకాలం వచ్చిందంటే ఐరోపా నలుమూలల నుండి సైకిలు యాత్రికులు ఈ కొండలను వెతుక్కుంటూ వస్తారు.

దీవి రాజధాని పాల్మాలో గణితం బోధించే యాభై నాలుగేళ్ళ ఉపాధ్యాయుడొకడు, మే నెలలో ఒక సాయంకాలం, నారింజ తోటల నడుమనున్న సోయెర్ పట్టణంలోని బసలో పటం పరచుకొని కూర్చున్నాడు. తెల్లవారితే అతడు చేయదలచినది సుమారు 115 కిలోమీటర్ల వలయయాత్ర. సోయెర్ నుండి బయలుదేరి, దీవిలోకెల్లా ఎత్తయిన పుచ్ మజోర్ శిఖరం భుజం మీదుగా ఎక్కాలి. కూబెర్, గోర్గ్ బ్లావ్ అనే రెండు జలాశయాలను దాటాలి. దారి చీలేచోట ఎడమకు తిరిగి, సా కలోబ్రా అనే సముద్రతీర గ్రామానికి దిగి, మళ్ళీ పైకి రావాలి. తరువాత యుక్ మఠం మీదుగా కైమారి గ్రామం వద్ద మైదానానికి చేరి, అలరో, బున్యోలా ఊళ్ళు దాటి, చివరగా 496 మీటర్ల ఎత్తున్న సోయెర్ కనుమ ఎక్కి బయలుదేరిన చోటికే రావాలి. 1997లో ఆ కొండ కింద సొరంగ మార్గం తెరచిన నాటి నుండి మోటారు వాహనాలు చాలావరకు అటే పోతున్నాయి. పాత కనుమదారి సైకిళ్ళకు ప్రశాంతంగా మిగిలింది.

ఈ యాత్ర అతనికి కొత్తది కాదు. క్రిందటి ఏడు ఇదే దారిన బయలుదేరి సగంలో ఓడిపోయాడు. ఆలస్యంగా లేచి, తాపీగా ఫలహారం చేసి, మిట్టమధ్యాహ్నం వేళ సా కలోబ్రాకు దిగాడు. దిగడం ఎంతో హాయిగా ఉన్నది. తిరిగి ఎక్కేటప్పుడు సగం దారిలో నీరు నిండుకున్నది, పిక్కలు పట్టేశాయి. సైకిలును నెట్టుకుంటూ నడిచి, దీపమైనా లేకుండా చీకటిలో కొండ దిగి, రాత్రి పది గంటలకు సోయెర్ చేరాడు. లోయలో ఫోను పనిచేయలేదు. అతని భార్య సాయంకాలం నుండి ఊరి కూడలిలోనే నిలబడి ఉన్నది. అతణ్ణి చూచి ఆమె ఒక్క మాట అనలేదు. ఆ మౌనాన్ని అతడు ఏడాదిపాటు మరువలేదు.

సా కలోబ్రా రోడ్డుకు ఒక విశేషమున్నది. పర్యాటకుల కోసం ఇంజనీరు ఆంతోని పరియెట్టి రూపొందించగా 1932లో నిర్మితమైన ఈ దారి సముద్రం ఒడ్డున ఆగిపోతుంది. అక్కడి నుండి మరొక ఊరికి రోడ్డు లేదు. 682 మీటర్ల ఎత్తున్న కోల్ దెల్స్ రేయ్స్ నుండి ఇరవైకి పైగా మెలికలు తిరుగుతూ నీటి అంచుకు దిగుతుంది. కాటలాన్ భాషలో ‘కోల్’ అంటే కనుమ. ఒకచోట దారి గుండ్రంగా చుట్టుకొని తన కిందనుంచి తానే దూరిపోతుంది. అక్కడివారు దానిని మెడకు కట్టే టై ముడితో పోల్చారు. సాధారణంగా కొండదారిలో మొదట శ్రమ, తరువాత సుఖం. ఇక్కడ సుఖం ముందు, దాని వెల తరువాత. దిగితే గాని లోతు తెలియదన్న సామెత ఈ దారికి సరిగ్గా తగినదే. అయితే ఆ లోతును దిగకముందే తెలుసుకోవాలని గణితోపాధ్యాయుని పట్టుదల.

అందుకే అతడు లెక్క వేయసాగాడు. ఎక్కవలసిన దారి తొమ్మిదిన్నర కిలోమీటర్లు. సగటు వాలు నూటికి ఏడు. అంటే నూరు మీటర్లు ముందుకు పోతే ఏడు మీటర్లు పైకి లేవాలి. తన కాళ్ళు గంటకు సుమారు 600 మీటర్ల ఎత్తు ఎక్కగలవని ఏడాది సాధనలో తెలుసుకున్నాడు. కనుక సముద్రం నుండి కనుమకు గంటా పదిహేను నిమిషాలు. మొదటి ఎక్కుడుకు గంటన్నర. అక్కడి నుండి చీలికకు అరగంట. ఆరు గంటలకు బయలుదేరితే ఎనిమిదికి చీలిక చేరవచ్చు. ఎండ ముదరకముందే, యాత్రికుల బస్సులు ఆ ఇరుకు మలుపులను నింపకముందే తిరిగి పైకి రావచ్చు. వెనుక చక్రానికి పెద్ద పళ్ళచక్రం వేయించాడు. రెండు నీళ్ళ సీసాలు, రెండు ట్యూబులు, పంపు, సొరంగాల కోసం ముందూ వెనుకా దీపాలు సిద్ధం చేశాడు. బ్రేకు దిమ్మలు అరిగాయేమో గోటితో తడిమి చూచాడు.

ఇంతవరకు ఎవరైనా చేసేదే. ఆ తరువాత అతడు కాగితం మీద మరొక వాక్యం రాశాడు: “ఎనిమిదిన్నర దాటితే సా కలోబ్రాకు దిగను.” ఆ కాగితానికి ప్రతి తీసి భార్య చేతికిచ్చాడు. ఆమె చదివి, మడిచి, తన సంచిలో పెట్టుకున్నది.

మరునాడు అనుకున్న వేళకే బయలుదేరాడు. తొలి వెలుగులో నారింజ పూల వాసన కొంత దూరం వెంట వచ్చింది. కాళ్ళు చక్కగా సాగాయి. కాని శిఖరానికి కొంచెం ఇవతల చిన్న రాతిముక్క ఒకటి వెనుక టైరును చీల్చింది. ట్యూబు మార్చాడు. పంపు కొడుతుండగా అదీ గాలి నిలుపలేదు. టైరు చీలికకు లోపల మందపు కాగితం ముక్క అడ్డుపెట్టి, రెండవ ట్యూబు ఎక్కించాడు. రాతి స్తంభాల మీది నీటికాలువ పక్కన దారి చీలేచోటికి చేరేసరికి ఎనిమిది గంటల యాభై నిమిషాలయింది.

ఆకాశం నిర్మలంగా ఉన్నది. ఒంట్లో బలమున్నది. ఇరవై నిమిషాలే గదా ఆలస్యం అన్నది మనసు. ఎడమవైపు దారి చల్లగా, ఖాళీగా పిలుస్తున్నది. చేతిలో మిగిలిన ట్యూబు లేదు. అతడు జేబులోని కాగితాన్ని బయటికి తీయలేదు. అందులో ఏమున్నదో అతనికి తెలుసు. ఒక గుక్క నీరు తాగి కుడివైపు దారి పట్టాడు.

యుక్ మఠం వద్ద ఫోను పనిచేసింది. “మఠం దగ్గరున్నాను, దిగలేదు” అన్నాడు. అవతల ఆమె తేలికగా నవ్విన చప్పుడు వినిపించింది. మధ్యాహ్నానికి సోయెర్ కనుమ ఎక్కి, మెలికల దారిన ఊళ్ళోకి దిగాడు. వలయం పూర్తయింది. దాని అంచున ఒక ముక్క మాత్రం తొక్కకుండా మిగిలింది.

ఆ రాత్రి అతడు పటం మళ్ళీ పరిచాడు. బయలుదేరే వేళ ఆరును కొట్టివేసి ఐదున్నర అని రాశాడు. ట్యూబులు రెండును మూడు చేశాడు. ఎనిమిదిన్నర అన్న అంకెను మాత్రం అలాగే ఉంచాడు.