అడవి గోడ... ఉక్కపోసే సెట్టు!

నవ్వకండి! ‘వైల్డ్ వాల్’ అన్న మాటకి నేను ‘అడవి గోడ’ అని రాశాను. ‘హాట్ సెట్’కి ‘ఉక్కపోసే సెట్టు’! ఓ పత్రిక వాళ్లు సెట్టింగుల మీద ఇంగ్లీషు వ్యాసం ఒకటి చేతిలో పెట్టి, సోమవారానికల్లా తెలుగు చేసిమ్మన్నారు. బి.ఏ. చదివాను, పక్కన డిక్షనరీ ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. తీరా రాసింది చదువుకుంటే నాకే అర్థం కాలేదు.

శనివారం పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి, హయత్‌నగర్ దాటి రామోజీ ఫిల్మ్ సిటీ చేరాను. 1996లో మొదలైన ఊరది. ఊరనే అనాలి, 1,666 ఎకరాలు మరి! ముందు నుంచి చూస్తే ఒక భవనం, వెనక్కెళ్తే అదే ఇంకో భవనం. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ మిత్రుడొకడు నన్ను ఓ ఫ్లోర్‌లో పెద్ద మేస్త్రికి అప్పజెప్పి తన పని మీద పోయాడు.

లోపల భోజనాల గది సెట్టు. అడ్డంగా తాడు, దానికి ‘హాట్ సెట్’ అని అట్టముక్క. చల్లగానే ఉందే అనుకుంటూ తాడు దాటి, బల్ల మీది కాఫీ కప్పు చేతిలోకి తీసుకున్నాను.

“బాబూ! ముట్టుకోకండి!” మేస్త్రి కేక.

సీను సగమే తీశారట. మిగతాది రేపు. కప్పు చోటు మారిందా, ఒక షాట్‌లో ఇక్కడ, తర్వాతి షాట్‌లో ఇంకెక్కడో కనిపిస్తుంది. అసిస్టెంటు కుర్రాడు పరుగెత్తుకొచ్చి, ఫొటోలు చూసుకుంటూ కప్పుని మళ్లీ సర్దాడు. అతని మొహం చూశాక నాకు నిజంగానే ఉక్కపోసింది.

మేస్త్రి మాత్రం మంచివాడు. రెండు బిగింపులు ఊడదీసి, ఓ గోడని పక్కకి నెట్టేశాడు. కెమెరా లోపలికి రావాలంటే గోడ తప్పుకోవాలి కదా! అదే నా అడవి గోడ. “సెట్టు చీట్ చేస్తుంది అని రాశారండీ, మోసం అనాలా?” అనడిగాను. “మోసమేంటి బాబూ? ‘మాయాబజార్’లో ద్వారక చూళ్లేదా? బొమ్మ ఇళ్లే కదా!” అన్నాడు. నిజమే. 1957లో గోఖలే, కళాధర్ కళాదర్శకత్వంలో తయారైన ఆ ఊరిని మార్కస్ బార్ట్‌లీ కెమెరాలో చూసి ఎవరు కాదన్నారు?

ఇక మిగిలింది ఒకటే వాక్యం. ‘గోడలు ఆమె మీదికి మూసుకొస్తాయి.’ ఇవి కూడా చక్రాల గోడలేమో అనుకున్నాను! మేస్త్రి మాట్లాడకుండా పక్క సెట్టులోకి తీసుకెళ్లాడు. అత్తగారింట్లో కోడలి గది. కప్పు కిందికి దించారు, గోడలకి ముదురు రంగు, చేతికందనంత ఎత్తులో బుల్లి కిటికీ. “కాసేపు నిలబడండి” అన్నాడు. గోడలు అంగుళం కదల్లేదు. రెండు నిమిషాల్లో బయటికొచ్చేశాను. గోడలకి చెవులుంటాయని మన అమ్మమ్మలంటే చెవుల కోసం వెతికామా? ఇంగ్లీషు అనేసరికి నాకా బుద్ధి ఏమైందో!

తిరుగు బస్సులోనే ఆ వాక్యం కొట్టేసి, ‘ఆ గదిలో ఆమెకి ఊపిరాడదు’ అని రాశాను.

ఆ సినిమా విడుదలయ్యాక రెండుసార్లు చూశాను, భోజనాల సీను కోసమే. కప్పు ఎక్కడిదక్కడే ఉంది.