ఎక్స్‌టెన్షన్ 219

కంప్యూటర్ నెట్‌వర్క్స్‌లో నాకు ఏ గ్రేడ్. టీసీపీకీ యూడీపీకీ తేడా ఏంటంటే నిద్రలో లేపినా చెప్తాను. ఆ ధీమాతోనే పోయిన వేసవిలో విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్ట్స్ డీలర్ ఆఫీసులో ఇంటర్న్‌షిప్‌కి చేరాను. నెలకి ఎనిమిది వేలు, మధ్యాహ్నం భోజనం.

వాళ్ళ పాత ఈపీఏబీఎక్స్ పిడుగుపాటుకి కాలిపోయింది. కొత్తది కొనేకంటే ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్లు పెడితే చవక అని మేనేజర్ గారికి ఎవరో చెప్పారు. మూలన పడున్న డెస్క్‌టాప్ ఒకటి ఇచ్చి "కానీయ్" అన్నారు. దాంట్లో లినక్స్, దానిమీద ఆస్టరిస్క్ వేశాను. దీన్ని 1999లో మొదలుపెట్టిన మార్క్ స్పెన్సర్ కూడా అప్పటికి కాలేజీ కుర్రాడే. తన చిన్న కంపెనీకి ఫోన్ ఎక్స్ఛేంజి కొనే స్తోమత లేక, సొంతంగా రాసుకున్నాడు. అది చదివాక నాకు కాస్త ఎక్కువే ఊపొచ్చింది.

ఆఫీసు, గోడౌన్, గేటు కలిపి 19 ఫోన్లు. నంబర్లు 201 నుంచి మొదలుపెట్టాను. 100 నుంచి ఎందుకు కాదంటే, ఎవరైనా కంగారులో 108 కొడితే అంబులెన్స్‌కి బదులు అకౌంట్స్ సెక్షన్ మోగుతుంది. ఈ ఒక్క విషయంలో మాత్రం నా ముందుచూపుని మెచ్చుకోవాలి.

మొదటి రెండు రోజులూ ఒకటే గోల. బయటికి ఫోన్ చేస్తే మన మాట వాళ్ళకి వినపడుతుంది, వాళ్ళ మాట మనకి రాదు. కాల్‌లో రెండు వేరు వేరు పనులుంటాయని నాకు ఒంటబట్టింది అప్పుడే. గంట మోగించడం, ఎత్తారా లేదా చూడడం, పెట్టేయడం సిప్ పని. మాటని మోసేది ఆర్‌టీపీ. మామూలుగా 20 మిల్లీసెకన్లకో ముక్క, అంటే సెకనుకి 50 ప్యాకెట్లు. మా సర్వర్ "నా మాటలు ఈ అడ్రస్‌కి పంపండి" అని 192.168తో మొదలయ్యే లోపలి అడ్రస్ ఇస్తోంది. వీధి పేరు లేకుండా "మా ఇంటి వెనకగదికి పంపు" అంటే కొరియర్ వాడేం చేస్తాడు? ఆస్టరిస్క్‌లో బయటి అడ్రస్ రాసి, రూటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సదుపాయాన్ని ఆపేశాక రెండువైపులా మాట వచ్చింది. ఆ ఏఎల్‌జీ సాయం చేయడానికే ఉంది. చాలాసార్లు చెడగొడుతుంది.

బ్యాండ్‌విడ్త్ సమస్యే కాదు. జీ.711 కోడెక్‌లో ఒక్కో కాల్‌కి ఒక్కోవైపు, హెడర్లతో కలిపి, 87 కేబీపీఎస్ దాకా పడుతుంది. 19 మందీ ఒకేసారి మాట్లాడినా రెండు ఎంబీపీఎస్ దాటదు. సాయంత్రం అకౌంట్స్ వాళ్ళ బ్యాకప్ మొదలైతే మాత్రం గొంతు తెగిపోయేది. ఫోన్లన్నిటినీ వేరే వీలాన్‌లో పెట్టి, రూటర్‌లో వాటికి ముందు దారి ఇచ్చాక అదీ తీరింది.

అందరూ శభాష్ అన్నారు. మేనేజర్ గారు ఇంకో కోరిక కోరారు. "ఇంట్లో ఉన్నా నా ఎక్స్‌టెన్షన్ సెల్లులో మోగాలయ్యా." అప్పటికి రూటర్ పేజీ నాకు కొట్టినపిండి. 5060 పోర్టుని బయటి ప్రపంచానికి తెరిచి సర్వర్ వైపు తిప్పేశాను. పది నిమిషాల పని. ఫోన్ల పాస్‌వర్డులా? టెస్టింగ్ కోసం ఏ ఎక్స్‌టెన్షన్‌కి ఆ నంబరే పెట్టాను. తర్వాత మారుద్దామనుకున్నాను.

తొమ్మిది రోజుల తర్వాత, సోమవారం పొద్దున బయటికి ఒక్క కాలూ వెళ్ళట్లేదు. లైన్ ఇచ్చిన కంపెనీకి ఫోన్ చేస్తే, నలభై వేల క్రెడిట్ లిమిట్ అయిపోయిందన్నారు. శనివారం రాత్రి ఒంటిగంటన్నర నుంచి తెల్లారేదాకా వరసగా విదేశీ కాల్స్. తైవాన్ సప్లయర్‌తో మాట్లాడాలని ఐఎస్‌డీ ముందే తెరిపించి ఉంది. కాల్ రికార్డులు తీశాను. అన్నీ 219 నుంచి.

219 గేటు దగ్గర ఫోను. రాత్రిపూట అక్కడ ఉండేది వాచ్‌మన్ బాబాయ్ ఒక్కడే. ఆయన పెద్దకొడుకు కువైట్‌లో డ్రైవరు.

ఇంకేముంది, లెక్క కుదిరిపోయింది అందరికీ. మేనేజర్ గారు బాబాయ్‌ని లోపలికి పిలిచి, నెలకింత చొప్పున జీతంలో కోస్తానన్నారు. ఆయన జీతం పదకొండు వేలు. బాబాయ్ పెద్దగా అరవలేదు. "మావాడు వాట్సాప్‌లోనే చేస్తాడండీ, నేనా ఫోన్ ముట్టుకోనైనా లేదు" అని నావైపు చూశాడు. ఫోన్ల కుర్రాణ్ణి నేనే కదా.

రికార్డుల్ని మళ్ళీ చూశాను. కువైట్ కోడ్ 965. లిస్టులో ఆ కోడ్‌తో ఒక్క కాలూ లేదు. రాత్రి 2 గంటల 13 నిమిషాలకి ఆ 219 మీద ఆరు కాల్స్ ఒకేసారి నడుస్తున్నాయి. మనిషికి నోరు ఒకటే. ఆస్టరిస్క్ లాగ్ తెరిస్తే, 219 పేరుతో రిజిస్టర్ అయిన అడ్రస్ మా ఆఫీసుదే కాదు, బయటిది. అంతకుముందు కొన్ని వందల లైన్లు: 100, 101, 102 అంటూ వరసగా ఎవరో తలుపు తట్టుకుంటూ వచ్చారు. వచ్చినవాడి పేరున్న చోట "ఫ్రెండ్లీ స్కానర్" అని ఉంది. సిప్‌విషస్ అనే టూల్ మార్చకపోతే వదిలే గుర్తు అది. మామీద ఎవరికీ పగ లేదు. 5060 ఎక్కడ తెరిచి ఉందా అని ఇంటర్నెట్ అంతా వెతికే ప్రోగ్రాములు రాత్రీపగలూ తిరుగుతూనే ఉంటాయి. దొరికితే నిమిషానికి ఎక్కువ రేటు పడే నంబర్లకి కాల్స్ చేయిస్తారు, ఆ రేటులో వాళ్ళకి వాటా వస్తుంది. పాస్‌వర్డు 219 అని కనుక్కోవడానికి వాళ్ళకి మహా అయితే ఒక క్షణం పట్టి ఉంటుంది.

ఇదంతా నాకు పదకొండు గంటలకే తెలిసింది. చెప్పింది మాత్రం రెండున్నరకి. మధ్యలో మూడున్నర గంటలు ఏం చేశానంటే, స్క్రీన్ వైపు చూస్తూ సర్టిఫికెట్ గురించి ఆలోచించాను. ఇది రాయకపోతే ఈ వ్యాసం రాయడమే దండగ. భోజనాల వేళ బాబాయ్ క్యారియర్ విప్పకుండా గేటు దగ్గరే కూర్చున్నాడు. నాకు కూడా ముద్ద దిగలేదు. లేచి మేనేజర్ గారి గదికి వెళ్ళి, "సర్, బాబాయ్ కాదు, నేను" అన్నాను. లాగ్ చూపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "ముందా తలుపు మూసెయ్" అన్నారు. నా రెండు నెలల డబ్బులూ బిల్లులో కలుపుకున్నారు. మిగతాది ఆఫీసే భరించింది. బాబాయ్‌కి మాత్రం "వెళ్ళి డ్యూటీ చూసుకో" అని కబురు పంపారంతే.

ఆ రాత్రి పదిన్నర దాకా కూర్చున్నాను. 5060 మూసేసి, మేనేజర్ గారి సెల్లుకి వైర్‌గార్డ్ వీపీఎన్ పెట్టాను. ఒక్కో ఫోన్‌కి 24 అక్షరాల పాస్‌వర్డు, నేను కూడా గుర్తుపెట్టుకోలేనిది. డయల్‌ప్లాన్‌లో 00తో మొదలయ్యేవన్నీ కట్ చేసి, రెండే ఎక్స్‌టెన్షన్ల నుంచి, అదీ తైవాన్ కోడ్ 886కి మాత్రమే వెళ్ళనిచ్చాను. గేటు ఫోన్ నుంచి లోపలి నంబర్లు, అత్యవసర నంబర్లు తప్ప ఏవీ పోవు. తప్పు పాస్‌వర్డు మూడుసార్లు కొడితే ఆ అడ్రస్‌ని ఆపేసేలా ఫెయిల్2బ్యాన్. క్రెడిట్ లిమిట్ ఐదువేలకి తగ్గించమని కంపెనీకి మెయిల్. వీటిలో మొత్తం నష్టాన్ని తగ్గించేది ఆఖరిదే, దానికి ఇంజనీరింగ్ అక్కర్లేదు.

మర్నాడు వైర్‌షార్క్ పెట్టి నా కాల్ నేనే పట్టుకున్నాను. ప్లే బటన్ నొక్కితే నా గొంతు పూసగుచ్చినట్టు వినిపించింది. అంటే ఆ నెట్‌వర్క్‌లో సరైన చోట కూర్చున్న ఎవడైనా ఎవరి మాటైనా వినొచ్చు. టీఎల్‌ఎస్, ఎస్‌ఆర్‌టీపీ పెట్టడానికి ఇంకో వారం పట్టింది. రెండు పాత మోడల్ ఫోన్లు వాటికి ఒప్పుకోలేదు, వాటిని గోడౌన్‌లో అలాగే వదిలేశాను.

బాబాయ్ నన్ను ఒక్క మాటా అనలేదు. కానీ నేను వచ్చేసేదాకా ఆ 219ని మళ్ళీ ఎత్తింది లేదు. మోగితే, గేటు దగ్గర్నుంచి ఎండలో నడుచుకుంటూ ఆఫీసులోకి వచ్చేవాడు. "ఎవరో పిలుస్తున్నారు బాబూ, ఏంటో కనుక్కో" అనేవాడు.