మాటలు అక్కరలేని సినిమా

మీకు రాని భాషలో తీసిన సినిమా ఎప్పుడైనా చూశారా? పక్కవాళ్ళు నవ్వుతుంటారు. ఎందుకో మనకు తెలియదు. బిక్కమొహం వేసుకుని కూర్చుంటాం. నేను మొదటిసారి ఒక హాలీవుడ్ సినిమా చూసినప్పుడు ఇది తారుమారయింది. ఇంగ్లీషు కాస్తో కూస్తో వచ్చిన నేను బిక్కమొహం వేశాను. మూడో తరగతితో చదువు ఆపేసిన మా నాన్న కడుపారా నవ్వాడు. ఆ సంగతి మీకు చెబుతాను.

మాది ఖరగ్‌పూర్‌లోని ఇందా. ఊరు పశ్చిమ బెంగాల్‌లో ఉన్నా మా వీధిలో తెలుగు వినబడని పూట ఉండేది కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఇక్కడ పెద్ద జంక్షను, వర్కుషాపు వెలిశాయి. ఆ పనుల కోసం శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు పల్లెల నుంచి ఎందరో వచ్చి స్థిరపడ్డారు. మా తాత అలా వచ్చినవాడే. నాన్న వర్కుషాపులో ఫిట్టరు. మాకు ఇంట్లో తెలుగు, బజారులో బెంగాలీ, పనిలో హిందీ. ఇంగ్లీషు కాగితాల మీద ఉండేది. ఇంటికి ఏ కాగితం వచ్చినా నాన్న నా చేతికిచ్చి, "ఏటి రాసుందో చూడరా" అనేవాడు. దాంతో నాకు కొంచెం గర్వం పట్టింది.

నాన్నకు ఒక అలవాటు ఉండేది. పని నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నా ఆయన వేళ్ళు ఊరుకునేవి కావు. కంచం అంచు పట్టుకుని నట్టు బిగించినట్టు తిప్పుతూ ఉండేవాడు. నేనూ చెల్లీ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేవాళ్ళం. ఒక్కోసారి ఆయన వెనక నిలబడి, ఆయన చేసినట్టే చేసి చూపించేవాణ్ణి. ఆయన చూశాడో లేదో నాకు తెలియదు. ఎప్పుడూ ఏమీ అనలేదు.

1989లో దుర్గాపూజ రోజులవి. చార్లీ చాప్లిన్ లండన్‌లో 1889లో పుట్టాడు. ఆయన శతజయంతి సంవత్సరం కాబట్టి మా వీధి కుర్రాళ్ళు అద్దెకు వీడియో తెచ్చి, పందిరి పక్కన టీవీ పెట్టి ఆయన సినిమా ఒకటి వేశారు. దాని పేరు 'మోడరన్ టైమ్స్'. అంటే 'ఆధునిక కాలం' అని అర్థం. 1936లో విడుదలయింది. అప్పటికే సినిమాలకు మాటలు వచ్చాయి. మన తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' కూడా 1932లోనే వచ్చింది. అయినా చాప్లిన్ తన కథానాయకుడి చేత మాట్లాడించలేదు. మూకీ సినిమాల్లోలాగా, అవసరమైన చోట తెర మీద ఇంగ్లీషు వాక్యాలు వస్తాయి.

బెంగాలీలు, ఒడియావాళ్ళు, తెలుగువాళ్ళం అందరం చాపల మీద కూర్చున్నాం. మొదటి వాక్యం రాగానే నేను గొంతు సవరించుకుని తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. రెండో దానికి తడబడ్డాను. మూడోది నేను కూడబలుక్కునే లోపలే మాయమైపోయింది. నాన్న నా భుజం తట్టి, "నువ్వేటీ చదవక్కర్లేదురా. తెలుస్తంది" అన్నాడు.

నిజంగానే ఆయనకు తెలుస్తోంది. సినిమాలో చార్లీ ఒక కార్ఖానాలో కూలి. ముందు నుంచి బెల్టు మీద ఇనప పలకలు వెళుతుంటాయి. రెండు చేతుల్తో రెండు రెంచీలు పట్టుకుని వాటి నట్లు బిగించాలి. యజమాని బెల్టు వేగం పెంచుతూ పోతాడు. చార్లీ కాసేపు సిగరెట్టు కాల్చుకుందామని మరుగుదొడ్డిలోకి పోతే, అక్కడ గోడ మీద తెరలో యజమాని ప్రత్యక్షమై గద్దిస్తాడు. పందిరంతా నవ్వులు. తరవాత ఒక ముసలి మెకానిక్కు యంత్రంలో ఇరుక్కుంటాడు. సరిగ్గా అప్పుడే భోజనం కూత కూస్తుంది. యంత్రం ఆగిపోతుంది. చార్లీ ఆయన్ని బయటకు లాగడం మాని, తల మాత్రం కనబడుతున్న ఆ మనిషికి అన్నం తినిపిస్తాడు. నాన్న కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "కూత కూసిందంటే అంతే మరి!" అన్నాడు.

చార్లీ యంత్రం పళ్ళచక్రాల మధ్యకు జారిపోయి మళ్ళీ బయటకు వచ్చినప్పుడు మాత్రం నాన్న తల అడ్డంగా ఊపాడు. "గేర్లు మింగితే ఇలా కక్కవురా. ఇది సినిమా" అన్నాడు. నాకు ఆ తేడా తట్టలేదు.

ఇంకొక దృశ్యం ఉంది. బెల్టు ఆగుతుంది, చార్లీ చేతులు ఆగవు. నట్లు బిగిస్తున్నట్టే ఎగిరెగిరిపడతాయి. తోటి కూలికి సూప్ పళ్ళెం అందించబోయి అంతా ఒలకబోస్తాడు. అందరూ పకపకా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ చేతులు నేను ఎరిగినవే. చెల్లి నా వైపు చూసింది. నేను తల తిప్పుకున్నాను. నాన్న మొహం చూడాలంటే భయమేసింది.

ఈ కథ చాప్లిన్ గాలిలోంచి పుట్టించలేదని తరవాత చదివి తెలుసుకున్నాను. డెట్రాయిట్ కార్ఖానాల్లో బెల్టు పద్ధతి గురించి ఒక విలేఖరి తనకు చెప్పాడని ఆయన తన ఆత్మకథలో రాశాడు. పల్లెల నుంచి వచ్చిన ఆరోగ్యవంతులైన కుర్రాళ్ళు నాలుగైదేళ్ళు అక్కడ పని చేసేసరికి నరాలు దెబ్బతిని పోయేవారట. 1931లో లండన్‌లో గాంధీగారిని కలిసినప్పుడు కూడా చాప్లిన్ అడిగింది యంత్రాల గురించే.

సినిమా చివర్లో చార్లీ ఒక హోటల్లో పాట పాడాలి. పాట మాటలు చొక్కా కఫ్ మీద రాసి ఉంటాయి. చేతులు విసిరేసరికి కఫ్ కాస్తా ఎగిరిపోతుంది. అప్పుడు ఏ భాషా కాని మాటలతో, చేతుల్తో, కళ్ళతో పాట నడిపించేస్తాడు. పక్కనున్న బెంగాలీ పెద్దాయన నాన్నను అడిగాడు, "ఇది మీ తెలుగేనా?" అని. "కాదు బాబూ, మీ బెంగాలీ అనుకున్నాను" అన్నాడు నాన్న. ఇద్దరికీ కథ మాత్రం తెలిసిపోయింది.

ఆ రాత్రి ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నాం. నాన్న వేళ్ళు మామూలుగానే కంచం అంచు మీద తిరగసాగాయి. ఎవరూ నవ్వలేదు. ఆయన మా ఇద్దరినీ చూశాడు. తన వేళ్ళను చూసుకున్నాడు. "ఆ లండను వోడు నన్నెక్కడ చూసేసినాడ్రా?" అని తనే నవ్వాడు. ఆయనకు మా వేళాకోళం ఎప్పటినుంచో తెలుసునని నాకు అప్పుడు అర్థమయింది. క్షమించమని అడగాలనుకున్నాను. నోరు రాలేదు. లేచి ఆయన చెంబులో మంచినీళ్ళు పోశాను.

మీలో చాలామంది ఏళ్ళ తరబడి పని చేసి ఇప్పుడు పుస్తకం పట్టి ఉంటారు. అక్షరం కావలసిందే. అది రాబట్టే చాప్లిన్ ఎందుకు ఆ సినిమా తీశాడో నేను చదివి తెలుసుకోగలిగాను. కాని ఆ రాత్రి నేను చదవలేకపోయిన సినిమాను నాన్న తన పనితో చదివాడు. మీ పని మీకు నేర్పింది కూడా చదువే. దాన్ని పక్కన పెట్టి పాఠం మొదలుపెట్టకండి.

ఆలోచించి రాయండి

1. గేర్ల దృశ్యం చూసి నాన్న "ఇది సినిమా" అని ఎందుకు అన్నాడు?
2. చార్లీ చేతులు చూసి రచయితకు నవ్వు ఎందుకు రాలేదు?
3. మీ ఇంట్లో పని చేసే ఒకరి చేతులను గమనించండి. వాటి గురించి ఐదు వాక్యాలు రాయండి.